గడప బయట ఆకుగంప

పొద్దుటి మేతకు మల్బరీ ఆకు కోసుకొచ్చిన ఇందు, గంపను పురుగులింటి గడప బయటే దించింది.

లోపల తట్టల మధ్య నిలబడి ఉన్న ఆదిలక్ష్మమ్మ ఆకు కోసం చేయి చాపింది. పట్టుపురుగులు పెద్దవయ్యాయి. ఇక కొద్ది రోజుల్లో మేత మాని గూళ్లు కడతాయి. ఈ చివరి రోజుల్లో వాటి ఆకలికి అంతుండదు. ఇల్లంతా రేకుల మీద సన్నటి వాన పడుతున్నట్టు ఆకు నమిలే చప్పుడు.

"లోపలికి తెచ్చియ్యమ్మా. కిటికీ కాడ తట్టలన్నీ ఖాళీ అయిపోయిండాయి" అంది.

"నడుము పట్టేసినట్టు ఉండాది అత్తా. ఈడ పెడ్తా, నువ్వు తీసుకో."

కోడలి మాట మామూలుగానే ఉంది. కానీ ముఖం పక్కకు తిప్పుకుని చెప్పింది. ఆదిలక్ష్మమ్మ గంప అందుకోవడానికి వంగి, వంగినట్టే ఆగిపోయింది. నిన్న సాయంత్రం మేతకు కూడా గంప ఇక్కడే ఉంది. అప్పుడు పట్టించుకోలేదు.

సదుం వైపు ఆ పల్లెలో పురుగులు పెంచే ప్రతి ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. నెలసరి రోజుల్లో ఆడవాళ్లు పురుగులింటి గడప దాటరు. దాటితే పురుగు మేత వదిలేసి చచ్చిపోతుందని పెద్దల కాలం నుంచి వస్తున్న మాట. ఆ రోజుల్లో ఆకు కోసి తెచ్చి గడప బయట పెట్టి వెళ్లిపోతారు. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. గంప ఎక్కడుందో చూస్తే ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది.

కానీ కోడలికి ఇప్పుడు మూడో నెల. కడుపుతో ఉన్న పిల్లకు గడప బయట ఆగే పని లేదు.

ఆదిలక్ష్మమ్మ గంప అంచు పట్టుకుంది. ఏమ్మా, ఏమైంది అని అడగడానికి నోరు తెరిచి మళ్లీ మూసుకుంది. అడిగితే ఆ పిల్ల చెప్పేస్తుంది. చెప్పేస్తే అది నిజమైపోతుంది.

"పొయ్యి పొడుకో. ఈ పూట సంగటి నేను గెలుకుతాలే" అంది.

ఇందు తల ఊపి ఇంట్లోకి వెళ్లింది. ప్రతి అడుగూ చూసుకుని వేస్తున్నట్టు నడిచింది.

ఆదిలక్ష్మమ్మ ఆకు పరిచిన తట్టలోనే మళ్లీ ఆకు పరుస్తోంది. కొడుకు మణికంఠకు పెళ్లయి నాలుగేళ్లు. ఇందును కుప్పం నుంచి తెచ్చుకున్నారు. ఇన్నాళ్లకు నెల తప్పిందని తెలిసినప్పుడు ఆదిలక్ష్మమ్మ ఒంటరిగా బోయకొండకు వెళ్లింది. ఆ కొండ మీద గంగమ్మను పువ్వు అడుగుతారు. మనసులో మాట చెప్పుకుంటే పూజారి అమ్మవారి తల మీద పువ్వు పెడతాడు. కుడివైపు పడితే అమ్మ సరేనన్నట్టు. ఎడమవైపు పడితే కాదన్నట్టు.

ఆ రోజు పువ్వు ఏ వైపూ పడలేదు.

చాలాసేపు నిలబడింది. వెనక జనం తోసుకుంటున్నారు. "ఇంకో దినం రామ్మా" అని పూజారి కుంకుమ చేతిలో పెట్టాడు. ఆమె మెట్లు దిగి వచ్చింది. కింద చామంతులు అమ్ముతున్న మనిషి దగ్గర ఒక పువ్వు కొంది. ఎందుకు కొన్నదో ఆ క్షణం ఆమెకే తెలియదు. ఇంటికి వచ్చేసరికి ఇందు గుమ్మంలో నిలబడి ఉంది. "ఏ పక్క పడె అత్తా?" అని అడిగింది. అడుగుతున్నప్పుడు ఆ పిల్ల కింది పెదవి అదురుతోంది.

"కుడిపక్కే పడిందమ్మా. ఇదో" అని చామంతిని చేతిలో పెట్టింది.

ఆ సాయంత్రం పాయసం చేశారు. ఇరుగుపొరుగుకు చెప్పుకున్నారు. చెప్పగా చెప్పగా ఆదిలక్ష్మమ్మ కూడా ఆ మాట నమ్మడం మొదలుపెట్టింది. దేవతను అడిగేది మనమే, జవాబు ఇంటికి మోసుకొచ్చేదీ మనమే. దారిలో మారిన మాటకు అమ్మవారు ఎవరిని అడగాలి?

* * *

సంగటి దించుతుండగా ఆశా కార్యకర్త అంబిక వచ్చింది. అదే వీధి మనిషి. నోరు పెద్దది, మనసు మంచిది.

"ఏం పెద్దమ్మా, కోడలు యాడ? ఈ దినం ఆస్పత్రిలో కడుపుతో ఉండేవాళ్లందర్నీ డాక్టరమ్మ సూస్తాది. పోయిన నెల రమ్మంటే పురుగులు అంటిరి. ఈ నెల ఏం సాకు చెప్తారో అని వచ్చినా."

ఆదిలక్ష్మమ్మ గరిటె కడుగుతూ, తల ఎత్తకుండా చెప్పింది. "అమ్మగారింటికి పొయ్యిండాది."

"కుప్పమా? ఎప్పుడు పోయె? నిన్న కొళాయి కాడ సూసినానే."

"నిన్న సాయంత్రమే. వాళ్లన్న వచ్చి పిల్చుకోని పోయె."

అంబిక గుమ్మం పక్కన చూసింది. ఇందు చెప్పులు అక్కడే ఉన్నాయి.

"వట్టి కాళ్లతో నడిపించుకోని పోయినాడా ఏంది వాళ్లన్న?"

"కొత్తవి తెచ్చినాడు."

అంబిక నవ్వింది. కానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. తలుపు వైపు చూస్తూ, లోపలికి వినపడేలా చెప్పింది. "సరే పెద్దమ్మా. పోయినామె ఫోన్ చేస్తే చెప్పు. రగతం కనపడినా, జరం వచ్చినా దాచిపెట్టుకోవద్దని చెప్పు. ఆడ తిట్టేవాళ్లు ఎవురూ లేరు. నాకు చెప్పితే నేనే బండి పిలిపిస్తా."

ఆమె వెళ్లిపోయింది. లోపల చాప మీద గోడ వైపు తిరిగి పడుకున్న ఇందు అంతా వింది. తాను కుప్పంలో లేనని చెప్పడానికి ఒక్క దగ్గు దగ్గితే చాలు. ఆమె దగ్గలేదు.

ఆదిలక్ష్మమ్మ దేవుడి గూట్లోంచి కొండ కుంకుమ తెచ్చి కోడలి నుదుట పెట్టింది. వేలు చురుక్కుమంది.

"ఒళ్లు కాల్తాండాదే."

"ఎండకి అత్తా."

బయట మబ్బు పట్టి ఉంది. ఇద్దరికీ తెలుసు.

"అత్తా, అమ్మోరు మాట తప్పదు గదా?" అని ఇందు గోడకేసి చూస్తూనే అడిగింది.

"యాల తప్పుతాది?" అంది ఆదిలక్ష్మమ్మ. ఆ మాట అన్న గొంతు తనదేనా అనిపించింది. కుంకుమ పొట్లం మడవబోతే సగం కింద పోయింది.

* * *

మణికంఠ మదనపల్లె టమాటా మార్కెట్‌లో ఒక మండీలో గుమాస్తా. చీకటితోనే వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి వస్తాడు. ఆ రోజు సీతాఫలాలు తెచ్చాడు. సంచి ఇందు పక్కన పెట్టి, దుప్పటి తీసి చూసి భయపడ్డాడు. ఆమె పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

"ఏమైంది మా, దీనికి?"

"జరం. దిష్టి తగిలుండాది. మిరపకాయలు తిప్పేసినా. సాయంత్రానికి దిగిపోతాది."

"దిష్టికి ఇట్ల వణుకుతారా ఎవురైనా? లెయ్ ఇందూ, పుంగనూరికి పోదాం."

"నేను రాను" అంది ఇందు. కళ్లు మూసుకునే ఉంది.

"రాదంట. వదిలెయ్‌రా" అంది ఆదిలక్ష్మమ్మ. ఆమె కొడుక్కీ కోడలికీ మధ్యకు వచ్చి నిలబడింది. "ఆస్పత్రికి పోతే వాళ్లేం చేస్తారో నీకు తెలుసునా? మిషను పెట్టి కడిగేస్తారు. అమ్మోరు ఇచ్చిన బిడ్డను తీసుకుపొయ్యి వాళ్ల చేతుల్లో పెడ్తావా?"

మణికంఠ తల్లి వైపు వింతగా చూశాడు. "జరం అంటివి గదా. బిడ్డ మాట యాల వచ్చింది ఇప్పుడు?"

ఆదిలక్ష్మమ్మ దుప్పటి మళ్లీ కోడలి మీదికి లాగింది.

"దోవలో అంబికక్క కనపడె. నీ పెండ్లాము కుప్పంలో బాగుండాదా అని అడిగె. ఎగతాళి చేస్తాండాదేమో అనుకున్న్యా. యాల చెప్పినావు మా అట్ల?"

అప్పుడు గుమ్మంలో చెంగయ్య కనిపించాడు. ఆదిలక్ష్మమ్మ భర్త. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆయన చేతిలో ఖాళీ ఆకుగంప ఉంది.

"గంప బయట ఉండాది నాయినా" అన్నాడు.

"ఏ గంప?"

"ఆకు గంప. నిన్నట్నుంచి గడప బయటే ఉండాది. నేను సూస్తానే ఉండా. ఆడోళ్ల సంగతి, మీ అమ్మ సూసుకుంటాదిలే అనుకుంటి." ఆయన భార్య వైపు తిరిగాడు. "ఏమ్మే, నువ్వు సూడలేదా?"

ఆమె భుజం మీది శాలువా సర్దుకుంది.

"అడిగేది నిన్నే. సూసినావా, లేదా?"

"సూసినా."

మణికంఠకు అప్పుడు అర్థమైంది. ఇందు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. ఆమె చెయ్యి లాక్కోలేదు, పట్టుకోనూ లేదు.

"అమ్మోరు పువ్విచ్చినాది. సరే" అన్నాడు చెంగయ్య నెమ్మదిగా. "ఆస్పత్రికి పోవద్దని గూడా చెప్పిందా? చెప్పిందంటే పోవద్దు. నీకు చెప్పింటే చెప్పు, వింటాము."

ఆదిలక్ష్మమ్మ గోడకు ఆనుకుంది. మణికంఠ ఊళ్లోని రెడ్డెప్ప ఆటో కోసం ఫోన్ చేశాడు. ఇందును లేపి నిలబెట్టినప్పుడు చాప మీద మరక చూసి అతను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆదిలక్ష్మమ్మ తన భుజం మీది పాత శాలువా తీసి కోడలి నడుముకు చుట్టింది. చుట్టేటప్పుడు ఆ పిల్ల పిడికిలి గట్టిగా మూసి ఉండడం గమనించింది. వేళ్ల సందుల్లోంచి ఎండిపోయిన పసుపుపచ్చ రేకు ఒకటి బయటికి కనిపిస్తోంది.

* * *

ఆటోలో ఇందు తల అత్త ఒళ్లోనే ఉంది. గుంతల్లో బండి ఎగిరినప్పుడల్లా సన్నగా మూలుగుతోంది. మధ్యలో ఒకసారి ఏదేదో మాట్లాడింది. పురుగులకు ఆకు వేశారా అంది, తలుపు వేశారా అంది. ఆదిలక్ష్మమ్మ మొక్కుకుందామని కళ్లు మూసుకుంది. గంగమ్మ తల్లీ అన్నంతవరకే వచ్చింది. ఆ తర్వాత మాట రాలేదు. ఆ తల్లి పేరు మీద అబద్ధం చెప్పిన నోరు, ఇప్పుడు ఏమని మొక్కుతుంది?

పుంగనూరు ఆసుపత్రిలో డాక్టర్ మాధవీలత చాలా ప్రశ్నలు వేయలేదు. "ఎప్పటినుంచి రక్తం పోతోందమ్మా?" అని మాత్రం అడిగింది.

ఇందు అత్త వైపు చూసి, "నిన్నట్నుంచి" అంది.

"నిన్ననా? ఇక్కడ నువ్వు ఎవరికీ భయపడక్కర్లేదు. నిజం తెలిస్తే సరైన మందు ఇస్తాను."

"మొన్న తెల్లారి నుంచి."

స్కానింగ్‌కు తీసుకెళ్లారు. రక్తం తీసుకున్నారు. సెలైన్ పెట్టారు. మణికంఠ, ఆదిలక్ష్మమ్మ బయట బల్ల మీద కూర్చున్నారు. అదే బల్ల మీద ఇంకెవరో బాలింతరాలి తల్లి పాలసీసాకు మూత వెతుక్కుంటోంది. లోపల ఎక్కడో పసిబిడ్డ ఏడుపు. ఆ ఏడుపు వినపడినప్పుడల్లా ఆదిలక్ష్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుంటోంది.

డాక్టర్ బయటికి వచ్చి వాళ్ల ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"బిడ్డ గుండె ఆగిపోయి కొన్నాళ్లయింది. కొంత దానంతట అదే బయటికి వచ్చేసింది. కొంత లోపల ఉండిపోయింది. దానికి ఇన్ఫెక్షన్ పట్టింది. అందుకే ఈ జ్వరం. ఇంజెక్షన్లు మొదలుపెట్టాను. కానీ లోపల మిగిలింది తీస్తేనే జ్వరం తగ్గుతుంది. ఇక్కడే చేయొచ్చు, పెద్ద ఆపరేషన్ కాదు. ఆలస్యం చేస్తే విషం ఒంట్లోకి పాకుతుంది. అప్పుడు మదనపల్లెకు పంపినా నేను ధైర్యం చెప్పలేను."

మణికంఠ లేచి నిలబడ్డాడు. "చేసేయండి మేడం. సంతకం యాడ పెట్టాల?"

"సంతకం మీది కాదు. ఆమెది. ఆమె ఒప్పుకోవడం లేదు." డాక్టర్ గొంతు తగ్గించింది. "స్కానింగ్ తప్పంటోంది. అమ్మవారు కుడివైపు పువ్విచ్చింది, బిడ్డ ఉంటుంది అంటోంది. తెలివితో ఉండి వద్దంటున్న మనిషి మీద నేను చెయ్యి వేయను. ఆమె తెలివి తప్పేదాకా కూర్చుని చూడలేను. మీరు మాట్లాడండి."

మణికంఠ లోపలికి వెళ్లాడు. అతని గొంతు బతిమాలడం, కోప్పడడం, మళ్లీ బతిమాలడం తలుపు బయటికి వినిపించాయి. తిరిగి వచ్చినప్పుడు చొక్కా చేత్తో కళ్లు తుడుచుకుంటున్నాడు.

"నా మాట వినడంలే మా. నీ మాట వింటాది. పువ్వు తెచ్చింది నువ్వు గదా. నువ్వు చెప్పు."

ఆదిలక్ష్మమ్మ లేవలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చుంది. చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. కొడుకు ఇక తన ముఖం చూడడు. కోడలు జీవితమంతా మరిచిపోదు. ఊళ్లో పాయసం తిన్నవాళ్లందరూ అమ్మోరు పేరు పెట్టి అబద్ధమాడిన మనిషని చెప్పుకుంటారు. అన్నిటికంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. ఆ తల్లి వింటుంది.

ఇన్నాళ్లూ వినలేదా మరి? ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. మెట్ల కింద చామంతి కొన్నప్పుడు ఆ తల్లి చూడలేదా? చూసే ఉంటుంది. చూసి ఏమీ అనలేదు. ఇప్పుడు ఇక్కడ, ఈ తలుపు ముందు, నేను ఏం చేస్తానో కూడా చూస్తూనే ఉంటుంది.

ఆదిలక్ష్మమ్మ లేచి లోపలికి వెళ్లింది.

* * *

ఇందు పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఒక చేతికి సెలైన్. ఇంకో చేయి పిడికిలి మూసి గుండె మీద పెట్టుకుంది. అత్తను చూడగానే లేవబోయింది.

"అత్తా, నువ్వన్నా చెప్పు వీళ్లకి. కుడిపక్కే గదా పడె?"

"పడలేదమ్మా."

కోడలికి అర్థం కాలేదు. "ఎడమ పక్కా?"

"ఏ పక్కా పడలే. అట్లే నిలబడుకోని ఉంటి. ఎంతసేపు సూసినా కదల్లే. పూజారి ఇంకో దినం రమ్మనె. దిగొచ్చేస్తి. మెట్ల కాడ ఒకామె చామంతులు అమ్ముతాండె. ఒకటి కొనుక్కుంటి. అదే నీ చేతిలో ఉండేది."

తలుపు దగ్గర మణికంఠ ఉన్నాడు. వింటున్నాడు. ఆదిలక్ష్మమ్మ వెనక్కి చూడలేదు.

ఇందు తన పిడికిలి వైపు చూసుకుంది. సెలైన్ బొట్లు పడుతున్నాయి. తర్వాత ఆమె మాట్లాడింది. ఆ గొంతులో కోపం ఉంది. నాలుగేళ్లలో అత్త ఎదుట ఎప్పుడూ వినిపించని కోపం.

"మొన్నట్నుంచి నేను ఎట్ల చచ్చినానో తెలుసునా నీకు? అమ్మోరు ఇచ్చింది, నేను నిలుపుకోలేకపోతి అనుకుంటా ఉంటి. నీళ్లు మోస్తినని పోయిందా, ఆయన బండెక్కి కుప్పానికి పోతినని పోయిందా, పొద్దెక్కేదాకా పొడుకుంటినని పోయిందా అని ఒక్కొక్కటే తల్చుకోని ఏడుస్తి. మీ అందరి మొకాలు ఎట్ల సూసేదని నోరు మూసుకోని ఉంటి. నువ్వు ఒక్క మాట చెప్పింటే మొన్ననే చెప్పుకునేదాన్ని గదా అత్తా."

"చెప్పుకునేదానివి."

"మరి యాల చెప్పలే?"

"గుమ్మంలో నిలబడి ఉంటివి. నీ మొకం సూసి నోరు రాలే." ఆదిలక్ష్మమ్మ మంచం అంచు పట్టుకుంది. "నీ కోసమే చెప్పినానని గూడా అనలేనమ్మా. నాకూ ఆ మాటే కావాల. గంప బయట సూసినా, అడగలే. అడిగితే నా అబద్ధం బయటపడతాదని అడగలే. ఇంక దాంట్లో దాచేదానికి ఏముండాది?"

డాక్టర్ మంచం అవతల నిలబడి ఉంది. "నీళ్లు మోస్తేనో, బండి ఎక్కితేనో ఇలా జరగదమ్మా" అంది. "చాలాసార్లు మొదట్లోనే పిండం సరిగా ఏర్పడదు. నువ్వు చేసిందేమీ లేదు. మీ అత్తమ్మ చేసిందీ లేదు. ఆలస్యం ఒక్కటే మన చేతిలో ఉన్నది."

ఇందు పైకప్పు వైపు చూస్తోంది. కన్నీళ్లు చెవుల్లోకి జారుతున్నాయి.

ఆదిలక్ష్మమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుంది. కోడలి మూసిన పిడికిలి మీద చెయ్యి వేసింది.

"కొండ మీద నేను ఏమడిగినానో తెలుసునా? బిడ్డ నిలబడాల, వంశం నిలబడాల అని అడిగినా. నీ గురించి ఒక్క మాట అడగలే. నా కోడలు బాగుండాల అని నా నోట్లో రానే లేదు. యాల రాలేదో నాకే తెలీదు." ఆమె ఊపిరి పీల్చుకుంది. "ఇప్పుడు అడుగుతాండా. అమ్మోర్ని కాదు, నిన్నే అడుగుతాండా. నువ్వు ఉండాల. ఒప్పుకోమ్మా."

ఇందు ఏడ్చింది. మొన్నటి నుంచి గొంతులో ఆపుకున్నదంతా ఒక్కసారిగా వచ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ పిడికిలి విప్పింది. ఎండిన చామంతి మంచం మీద నుంచి జారి నేల మీద పడింది. ఏ వైపు పడిందో ఎవరూ చూడలేదు.

"యాడ పెట్టాల సంతకం?" అంది ఇందు.

* * *

లోపలికి తీసుకెళ్లి తలుపు వేశాక, మణికంఠ బల్ల చివర కూర్చున్నాడు. తల్లికీ అతనికీ మధ్య ఇద్దరు కూర్చునేంత చోటు ఉంది. లోపలి నుంచి ఏ చప్పుడూ రాలేదు. చప్పుడు వస్తే భయం, రాకపోతే ఇంకా భయం. ఈసారి మొక్కు వచ్చింది. చాలా చిన్నది. ఆ పిల్లను నాకియ్యి, అంతే.

తలుపు తెరుచుకుంది. నర్సు బయటికి వచ్చి, "బాగుంది. మెలకువగానే ఉంది. మంచినీళ్లు అడుగుతాండాది" అంది. మణికంఠ రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. కాసేపటికి బల్ల మీద తల్లి వైపు జరిగాడు. చెంగయ్యకు ఫోన్ చేసి ఆమె చేతికే ఇచ్చాడు.

తెల్లవారేసరికి జ్వరం దిగింది. డాక్టర్ వచ్చి చూసి, ఇంకో రోజు ఉండి వెళ్లమంది. మళ్లీ బిడ్డ పుట్టడానికి దీనివల్ల అడ్డేమీ లేదని, ముందు ఒళ్లు కోలుకోవాలని చెప్పింది. ఆదిలక్ష్మమ్మ ఇడ్లీ తుంచి కోడలికి తినిపించింది. ఇందు తింది గానీ అత్త వైపు చూడలేదు. నాలుగో ముక్క దగ్గర అడిగింది.

"గంప సూస్తానే నీకు తెలిసిపోయె గదా. అంత గట్టిగా ఎట్ల తెలిసె?"

ఆదిలక్ష్మమ్మ ఇడ్లీ తుంచడం ఆపింది.

"మణికంఠకు ముందు ఒకటి పోయె నాకు. నేనూ ఆడనే పెట్టినా గంప. మా అత్త సూసి, గొడ్ల కొట్టంలో చాప ఏసిచ్చె. ఎవురూ ఏమైంది అని అడగలే. మీ మామ గూడా అడగలే. నేను గూడా ఎవురికీ చెప్పలే. చెప్పేది ఇదే మొదలు."

ఇందు అప్పుడు ఆమె వైపు చూసింది. నోరు తెరిచి, తర్వాతి ముక్క కోసం ఆగింది.

* * *

ఇంటికి వచ్చేసరికి పురుగులు మేత మానేశాయి. చెంగయ్య ఒక్కడే వాటిని ఏరి, అవి గూళ్లు కట్టుకునే వెదురు తడికల మీద, చంద్రికల మీద వేశాడు. కోడలు ఆటో దిగుతుంటే ఆయన ఎదురొచ్చి, ఏం చెప్పాలో తెలియక, "కొళాయి రిపేరు చేయించినా. నీళ్లు ఇంట్లోకే వస్తాయి" అన్నాడు.

ఇలాంటప్పుడు కొన్నాళ్లు విడిగా వసారాలో ఉండాలనేది ఆ ఇంటి ఆచారం. ఆదిలక్ష్మమ్మ కోడలి చాప తీసుకెళ్లి నడింట్లో, దేవుడి గూడు కనిపించే చోట వేసింది. చెంగయ్య దాని పక్కన నీళ్లచెంబు పెట్టాడు.

సాయంత్రం ఇందు మెల్లగా నడుచుకుంటూ పురుగులింటి దాకా వచ్చింది. గడప బయట ఆగింది. లోపల అత్త చంద్రికలు సర్దుతోంది.

"అత్తా, నీకొకటి చెప్పల్ల."

"చెప్పు."

"ఆ దినం తెల్లారి మొదట రగతం కనపడినప్పుడు నేను లోపలనే ఉంటి. ఆ కిటికీ కాడ తట్టకి ఆకేస్తాంటి. ఎవురికీ చెప్పలే. పురుగులన్నీ నావల్ల చచ్చిపోతాయని ప్రతి పూటా తొంగి తొంగి సూస్తాంటి."

ఆదిలక్ష్మమ్మ కిటికీ దగ్గరి చంద్రిక వైపు చూసింది. ఆ తట్ట పురుగులు అందులోనే ఉన్నాయి. వాటి చుట్టూ సన్నటి పోగులు, పోగుల లోపల తెల్లగా ముడుచుకుంటున్న గూళ్లు. పక్కదానికీ దీనికీ తేడా ఏమీ లేదు. ఆమె రెండింటినీ మార్చి మార్చి చూసింది. నలభై ఏళ్లుగా నమ్మిన మాట అది. తప్పని అనడానికి నోరు రాలేదు. నిజమని అనడానికీ రాలేదు.

"పెద్దోళ్లు యాల చెప్పిరో" అంది చివరికి. "మనకి తెలీదు. వాళ్లకన్నా తెలుసునో లేదో."

"కొండకి పోవల్ల అత్తా. డాక్టరమ్మ మెట్లు ఎక్కొచ్చని చెప్పినాక."

"పోదాం. పువ్వు అడిగేదానికి కాదు. నేను తప్పు చెప్పుకోవల్ల."

"నేను అడగల్ల. యాల ఇయ్యలేదని."

ఆదిలక్ష్మమ్మ కళ్లు తుడుచుకుంది. "అడుగు. అమ్మ గదా, కోప్పడదు."

ఆకు నమిలే చప్పుడు ఇప్పుడు లేదు. ఇల్లంతా నిశ్శబ్దంగా గూళ్లు అల్లుకుంటోంది. గడప అవతల ఇందు ఇంకా నిలబడే ఉంది. బోసి కాళ్లు, చేతికి సెలైన్ పెట్టిన చోట దూది. ఆదిలక్ష్మమ్మ చేయి చాపింది.

"యాల ఆడ నిలబడుకున్నావు? చలిగాలి కొడతాండాది. లోపలికి రా."

ఇందు ఒకసారి గడప వైపు చూసింది. ఆ చేయి పట్టుకుని లోపలికి వచ్చింది.